బ్యాటరీ నీళ్ళు

డ్రైవరు లోకనాథ్ తాళం తిప్పాడు. టక్కుమని ఒక్క చప్పుడు. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు.

అంబాసిడర్ వెనక సీట్లో భాస్కరం గారు కోడలు హైమ భుజానికి తల ఆనించి కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసి నరసాపురంలో సగం మందికి ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నారు. ఆయన చెమటకి హైమ జాకెట్టు తడిసిపోయింది. తెల్లవారుజాము ఐదు ఇరవై అయింది. భీమవరం ఆసుపత్రి ముప్ఫై కిలోమీటర్లు.

"ఏంట్రా? ఏమైంది?" ముందు సీట్లోంచి కొడుకు విశ్వనాథ్ అరిచాడు. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు. కారు నడపడం మాత్రం రాదు.

"బ్యాటరీ అండి. చచ్చిపోయిందండి."

"తొయ్యి అయితే! చూస్తావేం?"

లోకనాథ్‌ని స్కూటరు మీద ఎక్కించుకొచ్చిన పక్కింటి తాతాజీ, విశ్వనాథ్, పాలు పోయడానికి వచ్చిన మనిషి, ముగ్గురూ కలిసి తోశారు. కారు గేటు దాటి వీధి చివరిదాకా పోయింది. లోకనాథ్ క్లచ్చి వదిలినప్పుడల్లా ముందుకి కుదిపి ఆగిపోయింది. కుదిపినప్పుడల్లా భాస్కరం గారు "అమ్మా" అన్నారు. నాలుగోసారి అనలేదు.

గేటు దగ్గర సీతారామలక్ష్మి గారు రెండు చేతులూ ఒకదాంట్లో ఒకటి బిగించుకుని నిలబడి ఉంది. ఆవిడ భర్త వైపు కాదు, కారు ముందు భాగం వైపు చూస్తోంది. హైమ అప్పుడది గమనించింది గానీ, అలాంటి సమయంలో ఎవరు ఎటు చూస్తే ఏం.

చివరికి పాలవ్యాను దొరికింది. క్యాన్ల మధ్య పరుపు వేసి ఆయన్ని పడుకోబెట్టారు. పాలకొల్లు దాటాక, వీరవాసరం ఇంకా రాకముందు, హైమ ఒళ్ళో ఉన్న తల బరువు మారింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. భీమవరం వెళ్ళాక డాక్టరు చెప్పాడు. "ఒక్క అరగంట ముందు తెచ్చుంటే," అని కూడా అన్నాడు. డాక్టర్లు ఎప్పుడూ అరగంటే అంటారు. గంట అంటే మనవాళ్ళు ఇంట్లోనే ఆశ వదులుకునేవాళ్ళు, పావుగంట అంటే తప్పు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చేస్తుంది.

తొమ్మిదింటికి వ్యాను తిరిగొచ్చేసరికి వీధంతా ఇంటి ముందే ఉంది. లోకనాథ్ కారుని మళ్ళీ లోపలికి తోసుకొచ్చి, బానెట్ ఎత్తి, చేతిలో పానాతో నిలబడి ఉన్నాడు. విశ్వనాథ్ వ్యాను దిగి తిన్నగా వాడి దగ్గరికి వెళ్ళి చెంప మీద కొట్టాడు.

"చంపేశావు కదరా మా నాన్నని!"

లోకనాథ్ పానా కింద పడిపోయింది. వాడు వంగి దాన్ని తీసి, గుడ్డతో తుడిచి, డిక్కీలో దాని స్థానంలో పెట్టాడు. అప్పుడు గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆ వారం సోమవారం నాడు వాడు వరండా మెట్ల మీద నిలబడి, "బ్యాటరీ దిగిపోతోందండి, ఓసారి షాపుకి చూపించాలండి," అనడం, విశ్వనాథ్ తల ఎత్తకుండా, "పేపర్లు దిద్దడం అవనీరా," అనడం హైమ విన్నది. విశ్వనాథ్‌కి అది గుర్తున్నట్టు లేదు. గుర్తు లేకపోవడం కొన్నిసార్లు ఒంటికి చాలా మంచిది.

*

నాలుగో రోజు కారు కావలసి వచ్చింది. అస్థికలు రాజమండ్రిలో గోదావరిలో కలపాలి. విశ్వనాథ్ కర్మలో ఉన్నాడు, మెకానిక్కులతో మాట్లాడే స్థితిలో లేడు. అందుకని ఆ పని హైమకి వచ్చింది. ఇంట్లో ఎవరూ చెయ్యని పనులన్నీ ఆవిడకే వస్తాయి గనక ఇదీ వచ్చింది.

ఎలక్ట్రికల్ షాపు వీరబ్రహ్మం కొత్త బ్యాటరీని రిక్షాలో వేసుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. నోట్లో ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల ఉంటుంది, వెలిగించడానికి కాదు.

"వేణ్ణీళ్ళు కావాలమ్మా. గుప్పెడు వంటసోడా కూడా."

హైమ తెచ్చింది. తెచ్చి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది. బీఎస్సీ కెమిస్ట్రీలో సెకండ్ క్లాసు తెచ్చుకున్న ఆవిడకి ఇన్నేళ్ళలో ఆమ్లాలూ క్షారాలూ చింతపండుగా, ఇడ్లీపిండిలో సోడాగా తప్ప ఎదురు పడలేదు.

"ముందు మైనస్ తియ్యాలండి," వీరబ్రహ్మం పానా బిగిస్తూ చెప్పాడు. "ప్లస్ ముందు తీశామనుకోండి, పానా బాడీకి తగిలిందా, ఇక దీపావళే. బిగించేటప్పుడు తిరగేసి. ముందు ప్లస్, ఆఖర్న మైనస్."

టెర్మినళ్ళ చుట్టూ పచ్చటి, తెల్లటి పొడి గడ్డలు కట్టి ఉంది. సోడా నీళ్ళు పొయ్యగానే బుసబుసా పొంగింది. పాత టూత్‌బ్రష్షుతో తోమాడు. కేబుల్ కొసలు ఎర్రగా, కొత్త పెళ్ళికూతురి కాలివేళ్ళలా బయటపడ్డాయి.

"ఈ పొంగు మామూలే. కానీ రెండేళ్ళ బ్యాటరీ ఇలా కూలబడకూడదే." పాత బ్యాటరీని కింద సిమెంటు గచ్చు మీద పెట్టి, రూపాయి బిళ్ళతో ఒక్కో మూతా తిప్పి తీశాడు. రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం లోపల పెట్టి పీల్చాడు. గొట్టంలోకి వచ్చింది నీళ్ళలా లేదు. తేనీరు రంగులో ఉంది. అడుగున మడ్డి తిరుగుతోంది.

వీరబ్రహ్మం అగ్గిపుల్లని ఈ చివర నుంచి ఆ చివరకి మార్చాడు.

"ఉప్పు నీళ్ళు పోశారమ్మా దీంట్లో."

"ఉప్పా?"

"చెరువుల మీద బ్యాటరీలన్నీ ఇలాగే పోతాయండి. రొయ్యల చెరువు కాపలావాళ్ళు ఎవడు కొంటాడులే అని బోరు నీళ్ళు పోసేస్తారు. రెండు నెలలకి ప్లేట్లు తినేస్తుంది. ఇదిగో ఈ సెల్ షార్టయిపోయింది. మీరు ఆ రోజు భీమవరం దాకా తోసినా నిప్పు పుట్టేది కాదు." ఆగి, గొంతు తగ్గించాడు. "కానీ లోకనాథ్ ఈ పని చెయ్యడండి. వాడు నెలనెలా నా కొట్లోనే డిస్టిల్ వాటర్ డబ్బా పట్టుకెళ్తాడు. వాడికి మీ కారంటే, ఏం చెప్పనూ, పెళ్ళాం కంటే ఎక్కువ."

మూతలు ఆరూ గచ్చు మీద వరసగా వెల్లకిలా పెట్టి ఉన్నాయి. హైమ వంగి చూసింది. మడ్డి కింద ప్రతి మూత లోపలా ఒక పసుపు చుక్క. ఆరు మూతలకి ఆరు చుక్కలు. వేలితో పెట్టినవి. కొలిచినట్టు నడిమధ్యన.

వీరబ్రహ్మం కూడా చూశాడు. "ఎవరండీ దీనికి పూజ చే..." అని నవ్వబోయి, మధ్యలోనే ఆగాడు. ఇంటి లోపలి నుంచి ఎవరో బంధువుల ఏడుపు ఒకసారి లేచి తగ్గింది. ఆయన చేతిలో ఉన్న గుడ్డతో ఒక్కో మూతా తుడిచాడు. ఆరూ శుభ్రంగా తుడిచాడు.

"నాకెందుకులెండి. నేను బ్యాటరీలు మార్చేవాణ్ణి," అని కొత్తది ఎత్తి తొట్టెలో పెట్టాడు. ముందు ప్లస్ బిగించాడు, తర్వాత మైనస్. గ్రీజు రాశాడు. తాళం తిప్పితే బండి మొదటి తిప్పులోనే లేచింది. అంత తేలిగ్గా లేవడం హైమకి అసహ్యంగా అనిపించింది.

*

పెరట్లో బావి ఉంది. పక్క పొలాలు చెరువులయ్యాక దాని నీళ్ళు ఉప్పెక్కాయి. ఇంట్లో అందరూ కుళాయి నీళ్ళకి మారిపోయారు, సీతారామలక్ష్మి గారు తప్ప. మడికి ఆ నీళ్ళే. స్నానానికీ, పూజకీ ఆవిడే తోడుకోవాలి, ఇంకొకరు చేద ముట్టుకోకూడదు. ఉప్పైనా అది తన చేతిమీద వచ్చిన నీరు. కుళాయిది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో ఎవరికి తెలుసు? హైమ కాపురానికి వచ్చిన పద్ధెనిమిదేళ్ళలో ఒక్కసారి ఆ బావి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు చేదని చింతపండుతో పులికాపు పెట్టి తోమి శుద్ధి చేయాల్సి వచ్చింది. అందుకని మళ్ళీ వెళ్ళలేదు.

ఫిబ్రవరిలో శివరాత్రికి అత్తమామలు పట్టిసీమ వెళ్ళారు. లోకనాథ్ చెల్లెలు సాయిదుర్గ పెళ్ళి కూడా ఆ వారమే. పదిరోజులు సెలవు పెట్టి, వెళ్ళేముందు వంటింటి కిటికీ దగ్గర నిలబడి, "నా బదులు ఇంకో డ్రైవర్ని పెట్టానండి. బ్యాటరీలో నీళ్ళు మాత్రం చూసుకోమనండి, తగ్గితే చచ్చిపోద్దండి," అని చెప్పి వెళ్ళాడు. కిటికీ లోపల హైమ ఉంది. హైమ వెనకాల, విస్తళ్ళు కుడుతూ, అత్తగారు ఉంది.

బ్యాటరీ మార్చిన రోజు సాయంత్రం హైమ కాఫీ తీసుకుని మూలగదిలోకి వెళ్ళింది. సీతారామలక్ష్మి గారు చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహానికి ఇంకా పసుపు ఉంది. నుదుట రూపాయంత బొట్టు ఉంది. పదో రోజు దాకా ఉంటాయి. ఆవిడ వాటిని జాగ్రత్తగా, గట్టిగా పెట్టుకుంటోంది. తీసేవాళ్ళకి పని తగలాలన్నట్టు.

హైమ ఎలా మొదలుపెట్టాలో వంటింట్లో రెండుసార్లు అనుకుని వచ్చింది. ముసలావిడ గుండె పగలకుండా చెప్పాలి, లేదా అసలు చెప్పకూడదు. ఏదీ తేలక కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"వీరబ్రహ్మం వచ్చాడు అత్తయ్యగారూ. బ్యాటరీ మార్చాడు."

"విన్నాను. కిటికీ తీసే ఉంది."

హైమ గ్లాసుని ఆవిడ వైపు జరిపింది.

"ఉద్ధరిణితో పోశాను," సీతారామలక్ష్మి గారు అంది. "ఒక్క చుక్క బయట పడకుండా. దేవుడి దగ్గరికి వెళ్ళే బండి, కొట్లో కొన్న నీళ్ళేంటి? వాడు తెచ్చిన డబ్బా మీద ఏదో బొమ్మ కూడా ఉంది. తీసి పక్కన పెట్టాను."

"అత్తయ్యగారూ..."

"ఆ రోజే తెలిసింది నాకు. వాడు తాళం తిప్పితే టక్కుమంది చూడూ, అప్పుడే."

ఆవిడ కాఫీ అందుకుంది. ఊదుకుని తాగింది.

"మరి లోకనాథ్?"

"వాడికేం? కుర్రాడు. వాడికి ఇంకో కారు దొరుకుతుంది." గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. "నాకు ఇంకో ఇల్లు దొరుకుతుందా, హైమా? తండ్రిని పొట్టన పెట్టుకున్న తల్లికి ఎవడైనా అన్నం పెడతాడా? పెడతాడు. పెట్టిన ప్రతిసారీ నా మొహం చూస్తాడు."

హైమ ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది. ఇలాంటి లెక్క ఆవిడకి బీఎస్సీలో చెప్పలేదు.

*

లోకనాథ్‌కి ఇంకో కారు దొరకలేదు. ఆ సంగతి చెప్పడానికి తొమ్మిదో రోజు వాళ్ళమ్మ రత్తమ్మ వచ్చింది. ఆవిడ చేపల గంప మోస్తుంది. ఈ వీధిలో గంపతో నడవదు, ఎప్పుడూ వెనక సందులోంచి పోతుంది. ఆ రోజు గంప లేకుండా, ఉతికిన చీరతో, పెరటి గుమ్మం అవతల నిలబడింది.

"కోడలమ్మగారండీ."

"లోపలికి రా రత్తమ్మా."

"ఇక్కడే ఉంటానండి. మైలలో ఉన్నారు, నా మైల కూడా ఎందుకండి." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మావోడు కార్ల స్టాండు దగ్గరికెళ్తే ఎవడూ పక్కన నిలబడనివ్వట్లేదండి. మేష్టార్ని చంపేసినోడు అని పేరెట్టేశారు. వాడు అన్నం తిని నాలుగు రోజులైందండి. పెళ్ళాం ఏడుస్తంది, ఈడు గోడకేసి చూస్తన్నాడు."

"వాడు తప్పు చెయ్యలేదు రత్తమ్మా."

"అది మీరు నాతో అంటే ఏం లాభమండీ?" ఆవిడ మాటలో కోపం లేదు. కొలత ఉంది, చేపని చేత్తో ఎత్తి బరువు చెప్పే మనిషి కొలత. "పల్లంరాజు గారని, స్కూలు వ్యాన్లు తిప్పుతారు కదండీ, ఆయన వాడికి వ్యాను ఇస్తానని పండగనాడే మాటిచ్చారు. ఇప్పుడేమో, 'పిల్లల్ని ఎక్కించుకునే బండిరా, మేష్టారి ఇంట్లో ఒక్కమాట అడిగి చెప్తాను' అంటన్నారు. పదమూడో రోజు భోజనానికి వస్తారంట మీ ఇంటికి. ఆయన మేష్టారి దగ్గర చదువుకున్నారంట. అప్పుడు అడుగుతారండి. మీ ఇంట్లోంచి ఏ మాట బయటికొస్తే మావోడికి అదేనండి. ఆయ్."

"నేను చెప్తాను," అంది హైమ.

రత్తమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "చెప్తారు," అంది, నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు. దణ్ణం పెట్టి సందులోంచి వెళ్ళిపోయింది.

పదో రోజు తెల్లవారుజామున గోదావరి గట్టున సీతారామలక్ష్మి గారి బొట్టు తీసేశారు. ఆవిడ గట్టిగా ఏడవలేదు. ఇంటికి వచ్చి తెల్లచీరలో మూలగదిలో కూర్చుంటే, ఆ నుదురు చూసిన హైమకి, నిజం చెప్పేసే ధైర్యం కాస్తా జారిపోయింది. మొగుడు పోయాడు, బొట్టు పోయింది, ఇప్పుడు కొడుకు కూడానా?

మూడు రోజులు హైమ బియ్యం ఏరుతూ, పచ్చళ్ళు తీస్తూ, విస్తళ్ళు లెక్కపెడుతూ ఆలోచించింది. అత్తగారి తప్పు చెప్తే ఆవిడ బతకలేదు. సోమవారం నాడు లోకనాథ్ చెప్తే మీరే వినిపించుకోలేదని భర్తతో అంటే ఆయన బతుకుతాడు గానీ తనని బతకనివ్వడు. ఇక మిగిలింది ఒకటే. ఇంట్లో ఉన్న తప్పుల్లో చవకైనది తనదే అవుతుంది. పద్ధెనిమిదేళ్ళుగా పెరుగు పులిసినా, పాలు పొంగినా, కరెంటు పోయినా తన మీదికి రావడం అలవాటే. ఇదీ ఒక పూట అంటారు, మర్నాటికి మర్చిపోతారు. ఆ ఉపాయం తట్టినప్పుడు ఆవిడకి కొంచెం గర్వం కూడా కలిగింది.

*

పదమూడో రోజు నలభై మంది భోంచేశారు. పల్లంరాజు గారు తెల్లచొక్కాలో, చేతికి బంగారు గొలుసుతో, చివరి బంతిలో కూర్చుని, భోజనం అయ్యాక వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. విశ్వనాథ్ పక్కన ఉన్నాడు. ఆడబడుచు ఉమాశ్రీ తాంబూలాల పళ్ళెం పట్టుకుని ఉంది. పక్కింటి తాతాజీ మెట్ల మీద. సీతారామలక్ష్మి గారు లోపలి గుమ్మం దగ్గర పీట మీద, తలమీద కొంగుతో.

"మేష్టారు మా తొడ మీద మెలిపెడితే ఇప్పటికీ అక్కడ మచ్చుందండి," అన్నాడు పల్లంరాజు గారు. "అందుకే ఎక్కాలు మర్చిపోలేదు." అందరూ సన్నగా నవ్వారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "లెక్చరర్ గారూ, ఆ లోకనాథ్ సంగతి. మా వ్యాను ఒకటి ఖాళీగా ఉంది. వాడి నిర్లక్ష్యం వల్లే ఇలా జరిగిందంటున్నారు. మీ నోటి మాట వింటే..."

విశ్వనాథ్ మొహం బిగుసుకుంది. "మీరు అడిగారు కనక చెప్తున్నాను. వాడు..."

"బ్యాటరీలో నీళ్ళు పోసింది నేను," అంది హైమ.

ఆవిడ మంచినీళ్ళ ట్రే పట్టుకుని ఉంది. గ్లాసులు కదల్లేదు. అది చూసుకుని తనకే ఆశ్చర్యం వేసింది.

"శివరాత్రికి వాడు సెలవులో ఉన్నాడు. నీళ్ళు చూడమన్నాడు. నేను బావి నీళ్ళు పోసేశాను. ఉప్పు తగిలి పాడైంది. వీరబ్రహ్మం చెప్పాడు. లోకనాథ్ తప్పేం లేదండి."

విశ్వనాథ్ ఆవిడ వైపు చూస్తున్నాడు. ఆ చూపులో కోపం రాబోయి, నలుగురున్నారని ఆగి, మెల్లిగా అలసటగా మారడం ఆవిడకి కనపడింది.

"నువ్వా? బీఎస్సీ చదివి?" అన్నాడు.

"ఆడవాళ్ళకి కార్ల సంగతి ఏం తెలుస్తుందిలెండి," పల్లంరాజు గారు వెంటనే అందుకున్నాడు. "తెలియక జరిగింది. దానికేం చేస్తాం? ఆయుష్షు అంతే ఉంది."

లోకనాథ్ చేస్తే హత్య. తను చేస్తే ఆయుష్షు. హైమ ట్రే ముందుకి పెట్టింది. ఆయన గ్లాసు తీసుకున్నాడు.

"వదినా," ఉమాశ్రీ పళ్ళెంలో వక్కలు సర్దుతూ అంది. "నువ్వు బావి దగ్గరికి ఎప్పుడు వెళ్ళావే? అమ్మ చేద ముట్టుకోనివ్వదుగా?"

మెట్ల మీద తాతాజీ తల తిప్పి చూశాడు.

హైమ జవాబు వెతుక్కునేలోపు గుమ్మం దగ్గర నుంచి సీతారామలక్ష్మి గారి గొంతు వచ్చింది. పదమూడు రోజుల్లో ఆవిడ నలుగురిలో మాట్లాడటం అదే మొదలు.

"దాన్నేమీ అనకండి. తెలియక చేసింది." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆయన పోతూ పోతూ నాకు ఈ ఇల్లూ, ఈ కోడలూ వదిలి వెళ్ళారు. నా మనసులో ఏమీ లేదు. నేను క్షమించేశాను."

"ఎంత మనసమ్మా!" అంది ఎవరో లోపల్నించి. ఉమాశ్రీ కళ్ళు తుడుచుకుంది. పల్లంరాజు గారు లేచి ఆవిడకి దణ్ణం పెట్టాడు. విశ్వనాథ్ తల్లి దగ్గరికి వెళ్ళి ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాడు, చిన్నపిల్లాడిలా. ఆవిడ కొడుకు తలమీద చెయ్యి వేసింది. వేసి, ఆ చేతి మీదుగా, హైమని చూసింది. కృతజ్ఞత కాదు అది. సిగ్గూ కాదు. వంటింట్లో పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చాను, చూసుకోమ్మా అన్నట్టు ఉంది.

"లోకనాథ్‌ని సోమవారం రమ్మనండి," అన్నాడు పల్లంరాజు గారు చెప్పులు తొడుక్కుంటూ.

ఆ రాత్రి హైమ నిద్రపోయింది. చాలా రోజుల తర్వాత.

*

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి, విశ్వనాథ్ కాలేజీకి వెళ్ళాక, లోకనాథ్ గేటు బయట నిలబడ్డాడు. భుజాన ఒక సంచీ ఉంది. గడ్డం గీసుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. హైమ చెయ్యి తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది.

"ఏరా, వ్యాను ఎలా ఉంది? స్కూలు టైము కదా, ఇక్కడున్నావేంటి?"

"మానేశానండి. మానిపించారండి." గేటు కమ్మీల వైపు చూస్తూ చెప్పాడు. "పల్లంరాజు గారు నిన్న పిలిచి తాళాలు పుచ్చుకున్నారండి. పిల్లల తల్లులు ఒప్పుకోట్లేదంట."

"అదేంటి? నేను అందరి ముందూ చెప్పానుగా, నేనే పోశానని!"

"చెప్పారండి." లోకనాథ్ సంచీ ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "అక్కడే వచ్చిందండి చిక్కు. మీరు పొయ్యలేదని అందరికీ తెలుసండి. ఆ బావి పెద్దమ్మగారిదని, మీరు చేద ముట్టుకోరని పనిమనిషి దగ్గర్నించి పాలవాడి దాకా తెలుసు. వీరబ్రహ్మం గారిని అడిగితే, పాత బ్యాటరీ ఎప్పుడో కరిగించేశారు, నాకేం గుర్తులేదన్నారంట. ఇంక నీళ్ళ సంగతే కట్టుకథ అంటన్నారండి. ఈడు బ్యాటరీ చూడలేదు, ఆవిడ కాపాడింది అని."

"ఎవరంటున్నారు? తాతాజీ గారా?"

"ఎవరో ఒకరండి." వాడు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "మేష్టారింటి కోడలు డ్రైవరు తప్పు నెత్తినేసుకుందంటే, ఊరికే ఏసుకుంటదా అంటన్నారండి."

హైమకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చేతిలో ఉన్న తుడుపుగుడ్డని గేటు మీద పెట్టి, మళ్ళీ తీసుకుంది.

"మా ఆవిడ కుళాయి దగ్గర విందండి. మొన్న పిల్లదాన్ని తీసుకుని వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. మా అమ్మ ఏమందో తెలుసా అండీ? 'చంపినోడివంటే నాలుగు నెలలకి మర్చిపోతారురా, ఇది మర్చిపోరు,' అంది." కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే వీధి చూస్తుందనేమో. "భీమవరంలో ఐసు లారీ మీద ఉందండి పని. చెరువులకి. ఎవరూ ఏమీ అడగరు. వెళ్ళిపోతున్నాను."

"ఆగు. వెళ్ళకు." హైమ గేటు గడియ మీద చెయ్యి వేసింది. "నేను చెప్తాను. ఎవరు పోశారో నిజం చెప్తాను. ఇప్పుడే, ఆయనకి ఫోన్ చేసి..."

"వద్దండి!"

ఆ అరుపుకి ఎదురింటి కిటికీ తలుపు కదిలింది. లోకనాథ్ రెండు చేతులూ ఎత్తి జోడించాడు. ఇన్నేళ్ళలో వాడు హైమ ముందు గొంతు పెంచడం అదే.

"మీకు దణ్ణం పెడతానమ్మా," మెల్లగా అన్నాడు. "నా గురించి ఇంకెక్కడా ఒక్క ముక్క కూడా మాట్లాడకండి."

రోడ్డు దాటి అవతల పక్క బస్సు ఆగే చోట నిలబడ్డాడు. అక్కడ నీడ లేదు. ఇటు చూడకుండా, బస్సు వచ్చే వైపు తిరిగి నిలబడ్డాడు. ఎదురింటి కిటికీ తలుపు ఇంకా కొంచెం తెరుచుకుంది. పక్కింట్లో తాతాజీ స్కూటరు తుడవడం ఆపి, గుడ్డ చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు.

బస్సు వచ్చేదాకా గేటు దగ్గరే ఉండాలని హైమకి ఉంది. కానీ వీధి చూస్తుండగా తను అక్కడ నిలబడిన ఒక్కో నిమిషం వాడి లెక్కలోకి వెళ్తుంది. లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.